ఖాళీ అయిన సీటు ఎవరిది?

(లంబసింగిలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమని కార్యదర్శి గారు కోరినప్పుడు చదువు గురించి మాట్లాడతామనే అనుకొని ఉంటారు. ఉర్దూ పంతులు సభ ఎక్కితే ఉర్దూ బడుల గురించి, భర్తీకాని టీచరు పోస్టుల గురించే మాట్లాడతాడని అందరికీ తెలిసిన సంగతే. ఈసారి అది ప్రక్కన పెట్టినాము. అయితే ఇదిన్నీ ఒక ఖాళీ పోస్టు సంగతే. కాకపోతే టీచరు పోస్టు కాదు, శాసనసభ్యుడి పోస్టు.

పోయిన ఏడాది సమావేశం అయిపోయాక భోజనాల దగ్గర మన కుర్రవాడొకడు మమ్మల్ని నిలబెట్టి అడిగాడు. “సార్, ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే మనకేమిటి, నిండితే మనకేమిటి? ఈ కొండల మీద సీట్లన్నీ ఎస్.టి. వాళ్ళకు రిజర్వు. మనలో నిలబడేవాడు లేడు, గెలిచేవాడు లేడు. మన ఓట్లు చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఉపఎన్నిక వచ్చినా రాకపోయినా మన దుకాణం మనదే గదా?” అన్నాడు. మా చేతిలో ప్లేటు, నోట్లో ముద్ద. “తరువాత చెబుతాం బేటా” అని తప్పించుకున్నాము. పంతులు తప్పించుకున్న ప్రశ్నను పిల్లవాడు మరచిపోడు. నిన్న సాయంత్రం మేము బస్సు దిగగానే ఎదురొచ్చి, సలాం చేసి, “జవాబు తెచ్చారా సార్?” అన్నాడు. గావున ఈ ప్రసంగం అతనికి జవాబు. మిగిలినవారు వినడానికి అభ్యంతరం లేదు.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో ఉపఎన్నిక అంటాం. హైదరాబాదు ఉర్దూ పత్రికల్లో ‘జిమ్నీ ఇంతిఖాబ్’ అని రాస్తారు. జిమ్నీ అంటే అనుబంధంగా ఉన్నది, అసలుదాని ప్రక్కన ఉండేది. రెండు భాషలలోనూ ఆ ఎన్నికకు చిన్నపీటే వేశారన్నమాట. కానీ ‘ఖాళీ’ అన్న మాట చూడండి. అది మన ఉర్దూ మాటే, తెలుగువారు ఎప్పుడో తీసుకొని తమది చేసుకున్నారు. ఎన్నికకు రెండు భాషల్లో రెండు పేర్లున్నా, ఖాళీకి మాత్రం ఒకటే పేరు.

ఇక మన కొండల్లో జరిగినది చెప్పుకుందాం. 2018 సెప్టెంబరు 23, ఆదివారం. అరకు శాసనసభ్యులు కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ శాసనసభ్యులు సివేరి సోమ గారిని డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఆపి కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజన బిడ్డలే. 2009లో సోమ గారు గెలిచారు. 2014లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే సర్వేశ్వరరావు గారు గెలిచారు. తరువాతి కాలంలో ఒకే పార్టీలోకి వచ్చారు, చివరికి ఒకే రోజున ఒకే చోట పోయారు. ఆ రోజే ఆగ్రహించిన జనం అరకు, డుంబ్రిగుడ పోలీసు స్టేషన్ల మీద పడి నిప్పు పెట్టారు. అరకులో మనవాళ్ళ షట్టర్లు ఎన్ని రోజులు దిగి ఉన్నాయో ఇక్కడ కూర్చున్న అరకు వైపు సోదరులకు మాకంటె బాగా తెలుసు.

ఇటువంటి భయం మన లంబసింగి వైపు వారికి కొత్త కాదు. ఇది చింతపల్లి నియోజకవర్గంగా ఉన్న రోజుల్లో, 1993లో, ఆనాటి శాసనసభ్యులు పసుపులేటి బాలరాజు గారిని నక్సలైట్లు ఎత్తుకుపోయి తరువాత విడిచిపెట్టారు. ఆయన తిరిగి వచ్చారు గనుక సీటు ఖాళీ కాలేదు. పునర్విభజన తరువాత 2009 ఎన్నికలనాటికి చింతపల్లి నియోజకవర్గమే లేకుండా పోయి మనం పాడేరులో కలిశాము.

అరకులో సీటు ఖాళీ అయింది. మరి ఉపఎన్నిక ఎప్పుడు జరిగింది? జరగలేదు. ఇక్కడే చాలామందికి అనుమానం. భయపడి పెట్టలేదన్నారు కొందరు, రాజకీయమన్నారు కొందరు. అసలు సంగతి ఒక చట్టం లెక్కలో ఉంది. మేము లెక్కల పంతులం కాము గాని, ఈ లెక్క ఐదో తరగతి పిల్లవాడూ వేయగలడు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 151ఏ అని ఒక సెక్షను ఉంది. 1996లో చేర్చారు. అంతకు ముందు ఖాళీ అయిన సీటును ఇన్నాళ్ళలో నింపాలన్న గడువు చట్టంలో లేదు. ఖాళీ అయిన రోజు నుంచి ఆరు నెలలలోపు ఉపఎన్నిక జరపాలని ఈ సెక్షను చెబుతుంది. దానికి రెండు మినహాయింపులు పెట్టారు. ఆ సభ్యుడికి మిగిలిన కాలం ఏడాదికి తక్కువైతే జరపనక్కరలేదు. ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరిస్తే అప్పుడూ జరపనక్కరలేదు. 2014లో ఏర్పడిన శాసనసభ గడువు 2019 జూన్‌తో ముగుస్తుంది. సెప్టెంబరు నుంచి జూన్ వరకు లెక్కపెట్టండి, తొమ్మిది నెలలు కూడా లేవు. అంతే, ఉపఎన్నిక లేదు.

ఇదే దుర్ఘటన ముందే జరిగి ఉంటే లెక్క వేరు. 2005 ఆగస్టు 15న మహబూబ్‌నగర్ జిల్లా నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యులు చిట్టెం నర్సిరెడ్డి గారిని మావోయిస్టులు చంపారు. అప్పటికి శాసనసభ వయస్సు ఏడాది పైచిలుకే గనుక ఉపఎన్నిక జరిపారు, ఆయన కుమారుడు రామ్మోహన్‌రెడ్డి గారు గెలిచారు. చావు అటువంటిదే, చంపినవారూ అటువంటివారే. ఓటరుకు మళ్ళీ అడిగే హక్కు మక్తల్‌లో వచ్చింది, అరకులో రాలేదు. మధ్యలో ఉన్నది క్యాలెండరు ఒక్కటే.

ఈ క్యాలెండరు ఎంత గట్టిదో 2018లోనే మరో చోటా కనబడింది. కర్ణాటకలో బళ్ళారి, శివమొగ్గ, మండ్య లోక్‌సభ స్థానాలు మే నెలలో ఖాళీ అయ్యాయి. మన ఆంధ్రలో ఐదుగురు ఎంపీల రాజీనామాలు జూన్‌లో ఆమోదం పొందాయి. లోక్‌సభ గడువు 2019 జూన్ 3. మేలో ఖాళీ అయితే ఏడాదికి కొంచెం ఎక్కువ ఉంది, గనుక కర్ణాటకలో నవంబరు 3న ఉపఎన్నికలు జరిగాయి. జూన్‌లో ఖాళీ అయితే ఏడాదికి కొన్ని రోజులు తక్కువ, గనుక ఆంధ్రలో ఐదు నియోజకవర్గాలకూ లేవు. కొద్ది వారాల తేడాకు ఐదు నియోజకవర్గాల జనానికి దాదాపు ఏడాది పాటు పార్లమెంటులో మనిషి లేకుండా పోయాడు.

ఈ నియమం తప్పని మేము అనము. ఆరు నెలలు తయారీలో పోతే, గెలిచినవాడు కుర్చీ సర్దుకునేలోగా మళ్ళీ అసలు ఎన్నికలే వచ్చి పడతాయి. ఖర్చు ఉన్నది, బందోబస్తు ఉన్నది, మనవంటి కొండల్లో ప్రాణభయమూ ఉన్నది. కానీ ఏడాది కంటె ఎక్కువే మిగిలి ఉన్నా జరపని సందర్భాలూ లేకపోలేదు. 2023 మార్చిలో పుణె ఎంపీ గిరీశ్ బాపట్ గారు మరణించారు. గడువు ఏడాది పైనే ఉన్నా ఉపఎన్నిక పెట్టలేదు. ఒక ఓటరు బొంబాయి హైకోర్టుకెక్కితే, వెంటనే జరపమని 2023 డిసెంబరులో కోర్టు ఆదేశించింది. అప్పటికే ఆలస్యమైపోయింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. పుణె అంతటి నగరం ఎంపీ లేకుండానే గడువు ముగించుకుంది. హైకోర్టు మెట్లెక్కగల ఓటరు ఉన్న చోటే ఇది జరిగితే, డుంబ్రిగుడ ఓటరు సంగతి ఏం చెప్పమంటారు?

(ఇంతకీ మన సంఘం మాత్రం ఏపాటిది? కోశాధికారి గారు గతించాక ఆ కుర్చీ రెండేళ్ళు ఖాళీగా ఉంచాము. మన నియమావళిలో 151ఏ లేదు. ఈ మాట వేదిక మీదివారు నవ్వుతూనే తీసుకొందురు గాక.)

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాం. ఖాళీ వల్ల మనకేమిటి అన్నాడు గదా కుర్రవాడు. ఒక చిన్న సంగతి చెబుతాము.

అరకు వైపు మన కుటుంబాలవారి ఖబరస్తాన్‌కు వెళ్ళే దారిలో ఒక గెడ్డ ఉంది. ఎండాకాలంలో చెప్పు తడవదు. వానాకాలంలో మోకాలు దాటుతుంది. ఆ గెడ్డ మనకే కాదు, అవతల ఒడ్డున ఉన్న గిరిజన గూడెం పిల్లలు బడికి వచ్చే దారీ అదే. 2018 వానాకాలంలో మన పెద్దలు, గూడెం పెద్దలు కలిసి కూర్చొని ఒక చిన్న కల్వర్టు కోసం అర్జీ రాయించారు. రాసినది మేమే. తెలుగులో రాస్తే మా దస్తూరి బాగుండదని, మా విద్యార్థి చేత సాపు రాయించి, మనవాళ్ళు సంతకాలు పెట్టగా గూడెంవాళ్ళు కొందరు సంతకాలు, కొందరు వేలిముద్రలు వేశారు. ఎమ్మెల్యే గారు ఈసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇద్దామని దాచి ఉంచారు. ఆ ఆదివారం వచ్చింది. అర్జీ ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

ఆ వానలు వెనక్కి తగ్గకముందే మన ఫుఫీ ఒకామె కాలం చేసింది. జనాజా మోసినవారు గెడ్డలో తొడల దాకా దిగారు. ముందున్న ఇద్దరిలో ఒకడి కాలు జారింది. ఎవరి అదృష్టమో, వెనుకవారు పట్టుకున్నారు. ఆ మోసినవారిలో గూడెం కుర్రవాళ్ళు ఇద్దరు ఉన్నారు. గెడ్డలో రాయి ఎక్కడుందో వాళ్ళకే తెలుసు.

నెల తిరిగాక ఆ అర్జీ తీసుకొని ఒక ఆఫీసుకు వెళ్ళాము. ఏ ఆఫీసో మనకెందుకు? అక్కడి పెద్దమనిషి మర్యాదగానే కూర్చోబెట్టి, చదివి, “ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖ జతపరచలేదే?” అన్నారు. “ఎమ్మెల్యే గారు లేరు గదండి” అన్నాము. ఆయన కళ్ళజోడు తీసి, “అవును, పాపం” అని కాసేపు ఊరుకొని, “అయితే కొత్తవారు వచ్చాక రండి” అన్నారు. ఆయనను తప్పుపట్టము. ఆయన కాగితాల వరసలో ఒక సంతకానికి జాగా ఉంది, ఆ సంతకం పెట్టే మనిషి లేడు.

చూశావా బేటా, ఆ సీటులో మనవాడు కూర్చోడు, నిజమే. రాజ్యాంగం 332వ అధికరణం ప్రకారం అది షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేసిన స్థానం. అలా ఉండటమే న్యాయం. ఈ నేల వాళ్ళది. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషను ప్రకారం గిరిజనేతరులమైన మనం ఇక్కడ గజం భూమి కొనలేము. దాన్ని తప్పించుకొని కొనాలని చూసేవారిని చూసి మేము సంతోషించము. కానీ కూర్చునేవాడు ఎవరైనా, ఆయన ఆ ఆరు మండలాల్లో ఉండే ప్రతి మనిషికీ ప్రతినిధి. కల్వర్టు అర్జీ మీద మన సంతకమూ గూడెంవాళ్ళ వేలిముద్రా ప్రక్కప్రక్కనే ఉన్నాయి. ఖాళీ ఇద్దరినీ ఒక్కలాగే తాకింది.

అసలు ఈ కొండలకు ప్రతినిధి అన్నవాడు ఎంత ఆలస్యంగా వచ్చాడో తెలిస్తే ఎనిమిది నెలల ఖాళీని చిన్నదనబుద్ధి కాదు. మనం రోజూ ‘ఏజెన్సీ’ అంటాం. ఆ మాట ఎక్కడిది? 1839లో ఇంగ్లీషువారు గంజాం, విశాఖపట్నం కొండలను మామూలు చట్టాలనుంచి విడదీసి గవర్నరుగారి ఏజెంటు చేతిలో పెట్టారు. ఏజెంటు ఏలినది ఏజెన్సీ. ప్రజలు ఎన్నుకున్నవాడు కాదు, దొర వేసినవాడు. మనం ఈ ఉదయం ఎక్కివచ్చిన ఇదే వైపు కొండల్లో రోడ్డు వేయించడానికి, 1920ల తొలినాళ్ళలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వక పని చేయించినప్పుడు వాళ్ళ తరఫున కౌన్సిలులో లేచి అడిగేవాడు లేడు. అడిగేవాడు లేని చోట ఏం జరిగిందో పిల్లలకు కూడా తెలుసు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు గారు గిరిజన వీరులతో వచ్చి ఇక్కడికి కూతవేటు దూరంలోని చింతపల్లి పోలీసు స్టేషనులో తుపాకులు పట్టుకుపోయారు. ఈ కొండల్లో ప్రతి వయోజనుడికీ ఓటు వచ్చి, మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగేసరికి 1952 అయింది.

మరి అరకు సీటు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేదా అంటే, చేశారు. 2018 నవంబరు 11న మంత్రివర్గంలో ఇద్దరిని చేర్చుకున్నారు. ఒకరు సర్వేశ్వరరావు గారి కుమారుడు కిడారి శ్రావణ్‌కుమార్ గారు, ముప్పై ఏళ్ళు నిండని యువకుడు. ఆయనకు గిరిజన సంక్షేమ శాఖ ఇచ్చారు. రెండవవారు నంద్యాలకు చెందిన ఎన్.ఎం.డి. ఫరూఖ్ గారు. ఆయనకు మైనారిటీ సంక్షేమ శాఖ. 2014 నుంచి ఆ రోజు వరకు ఆ మంత్రివర్గంలో గిరిజనుడూ లేడు, ముస్లిమూ లేడు. ఒకే రోజున ఇద్దరూ వచ్చారు. మన ఇళ్ళలో మిఠాయి పంచుకున్నారు, మేమూ తిన్నాము, అబద్ధమెందుకు?

కాని తేడా గమనించారా? ఫరూఖ్ గారు అప్పటికే శాసనమండలి సభ్యులు, ఆ మండలికి చైర్మనుగా ఉండి వచ్చారు. శ్రావణ్‌కుమార్ గారు ఏ సభలోనూ సభ్యులు కారు. రాజ్యాంగం 164వ అధికరణం నాలుగో క్లాజు ప్రకారం అటువంటివారు ఆరు నెలలు మాత్రమే మంత్రిగా ఉండవచ్చు. ఆలోపు ఏదో ఒక సభలోకి రావాలి. తండ్రి సీటుకు ఉపఎన్నిక లేదు, మండలికి పంపలేదు. 2019 మే నెలలో గడువు ముగియవస్తుండగా, ఓట్ల లెక్కింపుకు కొద్ది రోజుల ముందు, ఆయన రాజీనామా చేశారు. మంత్రి పదవి ఇచ్చారు గాని సీటు ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. ఇచ్చిన పదవి ఇచ్చినవారి చేతిలోనే ఉంటుంది. జనం ఓటేసి పంపితే ఆ సంగతి వేరు.

ఈ మధ్య 2025 అక్టోబరు 31న తెలంగాణలో క్రికెటర్ మహమ్మద్ అజహరుద్దీన్ గారు కూడా ఏ సభలోనూ సభ్యులు కాకుండానే మంత్రిగా ప్రమాణం చేశారు. అప్పుడు జూబ్లీహిల్స్‌లో ఉపఎన్నిక ప్రచారం నడుస్తోంది. 2023లో ఆయన పోటీ చేసి ఓడిన సీటు అది. గెలిచిన మాగంటి గోపీనాథ్ గారు 2025 జూన్‌లో మరణించగా ఖాళీ అయింది. సీటుకు వేరొకరిని నిలబెట్టారు, ఈయనకు మంత్రి పదవి ఇచ్చారు. ఇటువంటివి చూసినప్పుడల్లా మాకు అరకు గుర్తుకొస్తుంది.

అన్ని దేశాల్లోనూ ఖాళీని ఒకేలా నింపరు. అమెరికాలో సెనేటు స్థానం ఖాళీ అయితే చాలా రాష్ట్రాల్లో గవర్నరే తాత్కాలికంగా ఒకరిని పంపుతాడు. ప్రతినిధుల సభకు మాత్రం అలా కుదరదు, ఎన్నికే కావాలి. ఇంగ్లండులో ఖాళీ అయిన సీటు ఏ పార్టీదో ఆ పార్టీవారే సాధారణంగా పార్లమెంటులో ప్రతిపాదన పెట్టి ఎన్నిక జరిపిస్తారు. ఇంత కాలంలోగా అన్న గట్టి గడువు లేదు. ఆ రెండింటితో పోలిస్తే మన ఆరు నెలల గడువు ఓటరుకు మేలైనదే. ఆ ఏడాది మినహాయింపు దగ్గరే చిక్కంతా.

ఉపఎన్నిక జరిగినచోట మాత్రం ఓటరు ఏం చేస్తున్నాడు? 2017 ఆగస్టు 23న నంద్యాలలో జరిగింది. భూమా నాగిరెడ్డి గారి మరణంతో వచ్చిన ఎన్నిక. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న పట్టణం గనుక రెండు పార్టీల పెద్దలూ నెలల తరబడి మన వీధుల్లోనే తిరిగారు. రోడ్ల వెడల్పులు, ఇళ్ళ మంజూర్లు, ఇఫ్తార్ విందులు! అక్కడి మా బంధువొకడు ఫోనులో “భాయ్‌జాన్, ఏడాదికొక ఉపఎన్నిక వస్తే మా వీధి స్వర్గమైపోతుంది” అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గాని, వాళ్ళు ఓటు వేయడంలో మాత్రం నవ్వులాట లేదు. పోలింగు దాదాపు ఎనభై శాతం. అదే జూబ్లీహిల్స్‌లో 2025 నవంబరు 11న, అదీ మనవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్న చోటే, పోలింగు యాభై శాతం కూడా చేరలేదు. పోలింగు కేంద్రం ఇంటికి ఎదురుగా, రోడ్డు నున్నగా, గెడ్డ లేదు, అడవి లేదు. ఇక దానికి కారణం మమ్మల్ని అడగవద్దు, మా బంధువులు ఆ ఊళ్ళోనూ ఉన్నారు.

ఇక్కడ మేము చూసినది ఒకటి చెప్పాలి. 2019 ఏప్రిల్ 11. అప్పటికి కొండా సముద్రమూ కలిసి ఒకే విశాఖపట్నం జిల్లా. మాకు అరకు నియోజకవర్గంలో పోలింగు డ్యూటీ పడింది. బహిష్కరించమని పిలుపు ఉన్న కాలం. ముందురోజు సాయంత్రం సామాను దింపుకొని బడి వరండాలో పడుకున్నాము. మా పని ఎడమచేతి చూపుడువేలికి సిరా రాయడం, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకోవడం.

తొమ్మిది గంటలప్పుడు ఒక ముసలామె వచ్చింది. అడ్డ బొట్లు, ముక్కుకు నత్తులు, చేతికర్ర. ఎన్ని మైళ్ళు నడిచిందో. వేలు చాపి మా ముఖంలోకి చూసి, “బాబూ, ఇది ఆ పోయినాయన జాగాకేనా?” అని అడిగింది. మాకు వెంటనే అర్థం కాలేదు. తరువాత తెలిసింది. ఆమె లెక్కలో ఆ చావుకు ఇది ఉపఎన్నిక. ఆరు నెలలు దాటినా ఎవరూ వచ్చి అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నారు. “కాదమ్మా, ఇది అందరికీ వచ్చే పెద్ద ఎన్నిక” అన్నాము. ఆమె సిరా ఆరేదాకా వేలు ఊదుకొని, “ఏదైతే ఏటి, జాగా నిండుతాది గదా” అని పెట్టె దగ్గరకు పోయింది. మాకు 151ఏ సెక్షను తెలుసు, ఆమెకు తెలియదు. అయినా మా ప్రక్కన కూర్చున్న పోలింగు అధికారి ఆ మాట విని పెన్ను ఆపి ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. 2019 మే 23న అరకుకు మళ్ళీ ఒక శాసనసభ్యుడు వచ్చాడు, చెట్టి ఫాల్గుణ గారు. ఖాళీ సరిగ్గా ఎనిమిది నెలలు నిలిచింది.

ఇప్పుడు మనసులో మాట అనవలసి వచ్చింది, కోపం తెచ్చుకోకండి. నిన్న రాత్రి కార్యదర్శి గారితో కూర్చొని మన సభ్యుల జాబితా తిరగేశాము. ఏళ్ళ తరబడి ఇక్కడ కాపురముంటున్న మన కుటుంబాల్లో సగంమంది ఓట్లు ఇక్కడ లేవు. ఒకరిది నర్సీపట్నం, ఒకరిది అనకాపల్లి, ఒకరిది విశాఖ. అడిగితే “అత్తగారి ఊళ్ళో ఉంది సార్, ఉండనీయండి” అంటారు. దుకాణం ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, రేషను ఇక్కడ, ఖబరస్తాన్ ఇక్కడ, ఓటు మాత్రం అత్తగారింట! ఒకరికి రెండు చోట్ల ఓటు ఉండకూడదు, ఎక్కడ మామూలుగా నివాసముంటామో అక్కడే ఉండాలని చట్టం. ఆ ఆఫీసులో పెద్దమనిషి మా అర్జీ చూసి చివరన ఇంకో మాట కూడా అన్నారు. ఇంతకు ముందు చెప్పలేదు, మాకు సిగ్గేసింది. “ఇందులో ఈ నియోజకవర్గం ఓటర్లు ఎంతమందండి?” అన్నారు. గూడెంవాళ్ళందరూ ఓటర్లే. మన సంతకాల్లో వెతికితే నాలుగు దొరికాయి.

ఉపఎన్నిక చెప్పి రాదు. నామినేషన్ల ఆఖరు తేదీ దాటాక పేరు చేర్చమంటే చేర్చరు. కొత్తగా పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6, చోటు మారినవారికి ఫారం 8. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తారీఖులు. వెనుకటిలా జనవరి కోసమే కాచుకోనక్కరలేదు. ఇంకొకటి, మన మూడు కొండ నియోజకవర్గాలు అరకు, పాడేరు, రంపచోడవరంలో 2024 మే 13న పోలింగు సాయంత్రం 4 గంటలకే ముగించారు. దుకాణం కట్టేసి వెళదాంలే అనుకున్న మనవారు ఇద్దరు మూసిన గేటు చూసి వచ్చారు. వాళ్ళిద్దరూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పము.

గెడ్డ సంగతి అడుగుతారని తెలుసు. ఆ అర్జీ తేదీ మార్చి, పైన పేరు మార్చి మళ్ళీ ఇచ్చాము. కొన్నాళ్ళకు కొలతలు తీసుకున్నారు, మరి కొన్నాళ్ళకు రెండు సిమెంటు గొట్టాలు వేసి పైన మట్టి పోశారు. జనాజా ఇప్పుడు తడవకుండా పోతున్నది, పిల్లలు బడికి వస్తున్నారు. మట్టి మాత్రం ప్రతి వానకూ కోసుకుపోతున్నది. దానికి ప్రక్క గోడలు కావాలని కొత్త అర్జీ రాసి తెచ్చాము. గూడెంవాళ్ళ వేలిముద్రలు ముందే తీసుకున్నాము. మన సంతకాల జాగా ఖాళీగా ఉంది.

అర్జీ ఆ తలుపు దగ్గర బల్ల మీద ఉంది, ప్రక్కనే ఫారం 6, ఫారం 8 కట్టలు ఉన్నాయి. అరకు వైపు సోదరులు భోజనాలకు లేచేముందు చూడగలరు. సంతకం నీలం సిరాతో పెట్టండి. ఆకుపచ్చ పెన్ను మా జేబులోదే, పొరపాటున అక్కడ వదిలాము, దానితో మాత్రం పెట్టవద్దు. అది గెజిటెడ్ అధికారులు వాడే రంగని మళ్ళీ అర్జీ తిప్పి పంపుతారేమో. సెలవు.